రెండో దిండు

పగలంతా రైల్లో ప్రయాణం చేసి ఆ జెన్ ఆశ్రమానికి వెళ్లాను. అక్కడ ఎవరి దిండు వాళ్లే వేసుకుని, గోడకేసి తిరిగి ధ్యానంలో కూర్చోవాలి.

కాళ్లు పీకేస్తున్నాయని అందరూ గొణిగారు. నాకేమీ అనిపించలేదు.

"ఆవిడను చూసి నేర్చుకోండి. ఐదు రోజులుగా రాయిలా కూర్చున్నారు," అన్నారు గురువుగారు నన్ను చూపిస్తూ. పొగిడారో తిట్టారో తెలియలేదు.

ఆరో రోజు కొత్తగా ఒకమ్మాయి వచ్చి, నా పక్కన ఖాళీగా ఉన్న దిండు దగ్గర ఆగింది.

"ఇక్కడెవరైనా వస్తారా అండీ?"

అప్పుడు చూసుకున్నాను. ముప్ఫై ఏళ్లు ఇద్దరికీ పక్కలు వేసిన చేతులు, రోజూ రెండు దిండ్లు వేస్తున్నాయి.

"రారమ్మా. ఆయన పోయి మూడు నెలలైంది. కూర్చో."

ఆ అమ్మాయి కూర్చుంది. ధ్యానం మొదలుపెట్టే గంట ఇంకా మోగనేలేదు, నా మోకాళ్లు సలపడం మొదలైంది.