ఏరి పంపిన మక్కలు

"జూడు కొమురెల్లి, మక్కల్ల బూజు విషం లేదని ల్యాబోళ్లే రాసిండ్రు. రోగం కోళ్లను పెట్టుకొని నా సరుకును బద్నాం చేస్తానవ్," అని మక్కలమ్మిన సేటు రిపోర్టు తిరిగి అతని చేతిలో పెట్టాడు.

కొమురెల్లి షెడ్డులో వారంలో ఎనిమిది వందల కోళ్లు చచ్చాయి. కోసి చూసిన డాక్టరు, దాణాలో కలిపే మక్కల మీదే, అంటే మొక్కజొన్నల మీదే అనుమానమన్నాడు. సంచి అడుగున మిగిలినవి పరీక్షకు పంపమన్నాడు. ఇప్పుడిక సేటును నష్టపరిహారం అడగడానికేం లేదు. కొమురెల్లి వరంగల్‌లో వర్ధన్నపేట బస్సెక్కాడు.

ఇంటికాడ భార్య చిలుకమ్మ ఎదురొచ్చింది. "మన మక్కలు జూసి పెద్ద సార్లు ఏమన్నరు?"

"మంచిగున్నయన్నరు."

"ఎందుకుండయి? చాటల పోసి చెరిగిన. బూజు పట్టినయి, నల్లబడ్డయి ఒక్కొక్కటే ఏరి, మంచియే మూట గట్టిన. గసొంటి సార్ల చేతికి గలీజు గింజలు పోతే మన ఇజ్జత్ ఏం గావాలె?"

కొమురెల్లి గడపలోనే ఆగాడు. మక్కలు సార్లు అడిగిండ్రని చెప్పాడు గానీ, ఎందుకడిగారో ఆమెకు చెప్పలేదు. అంతలోనే ఆశ పుట్టింది.

"ఏరినయి ఏడ బెట్టినవే? జల్ది తే, డాక్టర్‌కు జూపిస్త."

"ఇంకేడియి? పారేసుడెందుకని, బతికున్న కోళ్లకేసిన," అంది చిలుకమ్మ.