కొత్త డబ్బాలు

"నా డబ్బాలేవి?" శ్యామలాదేవి వంటింట్లోకి దూసుకొచ్చింది.

"చెత్తలో పడేశానత్తయ్యా," అంది కోడలు ఉజ్వల. "ఖాళీ అయిన మైలో పొడి డబ్బాలు, పచ్చడి సీసాలు! ఫ్లాట్‌లో పాత సామాన్ల కొట్టు పెట్టారా అని అందరూ నవ్వుతున్నారు. మీ గుడ్డముక్కలు కొత్త డబ్బాల్లో భద్రంగానే ఉన్నాయి."

హాల్లో ఆరు ప్లాస్టిక్ డబ్బాలున్నాయి. అన్నీ ఒకే సైజు, అద్దంలా ఉన్నాయి.

"ఎవరినడిగి ముట్టుకున్నావు?"

"నా ఇల్లు నేను సర్దుకోడానికి ఎవరినడగాలి?"

"నా కొడుకిల్లు!"

"మీ అబ్బాయి కంప్యూటర్ల వైటూకే పని అంటూ ఆఫీసులోనే ఉంటున్నారు. ఇప్పుడేం కొంప మునిగింది? ఏ రంగు ఎక్కడుందో బయటికే కనిపిస్తోంది కదా!"

శ్యామలాదేవి హాల్లోకి నడిచింది. సగం కుట్టిన బొంత ముందేసుకుని కూర్చుంది. ఒక్కో డబ్బానూ తడిమి చూసి, చివరికి ఒకటి తెరిచింది. అందులోంచి ఒక ముక్క తీసి ఎర్ర అంచుకు కలిపి కుట్టసాగింది.

అంచంతా ఎర్రముక్కలే; ఇది మాత్రం ముదురాకుపచ్చ ముక్క.

ఉజ్వల నవ్వబోయి ఆగిపోయింది. అత్తగారు ఆ ముక్కనే శ్రద్ధగా కుడుతోంది.

"ఎప్పటినుంచి అత్తయ్యా?"

"ఏమిటి?"

"కళ్లు కనిపించకపోవడం."

సూది ఆగింది. "మైలో డబ్బాలో ఎరుపు, పచ్చడి సీసాలో తెలుపు. చేతికి తెలిసేది. నువ్వొచ్చి చెడగొట్టావు. అబ్బాయికి తెలిస్తే సూది లాక్కుంటాడు. పో, చెప్పుకో!"

ఉజ్వల ఎదురుగా కూర్చుంది. "చెప్పను. రేపు మనిద్దరం కళ్ల డాక్టరు దగ్గరికెళ్దాం. ఇప్పుడు ఏ రంగు కావాలో చెప్పండి, నేనిస్తాను."

"నువ్విచ్చేది అదే రంగని నాకెలా తెలుస్తుంది?"

ఉజ్వల అత్తగారి పక్కకి జరిగింది. పచ్చముక్క కుట్టు విప్పి, ఎర్రముక్క ఒకటి ఆమె అరచేతిలో పెట్టింది.

శ్యామలాదేవి దాన్ని చాలాసేపు వేళ్లతో తడిమింది. తర్వాత సూది ఎత్తింది.