ఉన్నదున్నట్టు

ఇళ్ల ఏజెంటుగా నాకది మొదటి బేరం. "లోపాల ఊసెత్తావో, రేపట్నించి రానక్కర్లేదు" అని మేనేజరు ముందే హెచ్చరించాడు.

అయినా ఇల్లు చూడవచ్చిన ఆంటీకి అన్నీ చెప్పేశాను. "వానొస్తే పడగ్గది మూల కారుతుందండీ. గీజరు రెండు తన్నులు తంతే గానీ వెలగదు. పై వాటా పెద్దాయన గురక వంటింట్లోకి కూడా వినిపిస్తుంది."

ఆవిడ నా భుజం తట్టింది. "ఇంత నిజం చెప్పే ఏజెంటును నేనెక్కడా చూళ్లేదమ్మా! నిన్ను నమ్మి కొనేస్తున్నా. అద్దెకున్నవాళ్లను మాత్రం నెలాఖరుకల్లా నువ్వే పంపించెయ్యాలి. వాళ్లకింకో ఇల్లు చూపించావనుకో, నీకు రెండో బేరం!"

"అలాగేనండీ" అంటూ, పొద్దున ఆరేసుకున్న నా తువ్వాలును తీగ మీంచి తీసి మడత పెట్టుకున్నాను.