కావాలనే వదిలేసిన ముక్క

ఇప్పుడు ఆపరేషన్ నోట్సు డాక్టర్లు రాయడం లేదు. యంత్రమే అన్నీ చూసి, విని, రాసి బీమా కంపెనీకి పంపుతుంది. బిల్లుల గుమాస్తాగా నేను తలూపితే చాలు.

నూకరత్నం పుర్రె అడుగున పెరిగిన గడ్డను డాక్టర్ హైమవతి ముక్కులోంచి తీశారు. కుడికంటి నరానికి అతుక్కున్న చిన్న ముక్కను మాత్రం కావాలనే వదిలేశారు. దాన్ని లాగితే చూపు పోతుంది. యంత్రం మాత్రం ‘పని అసంపూర్తి, బిల్లు చెల్లదు’ అని రాసింది.

“పూర్తిగా తీశానని చెప్పండి మేడం, మార్చేస్తుంది,” అన్నాను.

“చెప్పను. ఎక్కడ ఆగాలో తెలియడం కూడా ఆపరేషనే. అదే రాయమను.”

యంత్రం వినలేదు. రోగి పేరుతో డాక్టర్ మీద ఫిర్యాదు తయారుచేసి, దానికి ఆమె వేలిముద్ర తెమ్మంది. ఇంటికి బయల్దేరుతున్న నూకరత్నానికి తెరమీద ఆ ఫిర్యాదు చూపించాను. ఆమె ఎడమకన్ను అరచేత్తో మూసుకుని, అడుగునున్న చీమ తలంత అక్షరాలను గడగడా చదివేసింది.

“‘ఈ ఆపరేషన్ వల్ల నాకు నష్టం జరిగినది.’ ఏటి బాబూ నట్టం? ఆ కంటితోనే సదివేను. వింటంది కదా, ఇదీ రాసుకోమను!”

ఈసారి నేను గట్టిగా తలూపాను.