రెండో చుక్క

మిర్చి యార్డు గేటు దగ్గర పెట్టెలో కూలీలందరూ నెలకోసారి ఒక నెత్తుటి చుక్క వేయాలి. కంటికి కనపడని రేణువులు అందులో క్యాన్సర్ జాడ వెతుకుతాయి. పచ్చ లైటు వెలిగితేనే పనిలోకి రానిస్తారు.

ఎస్తేరు, రూతు అచ్చుగుద్దినట్టుండే కవలలు. తొడిమలు తీసి తీసి రూతు వేళ్లు పుండ్లు పడ్డాయి. సూది గుచ్చగానే గిలగిల్లాడేది.

"నీ చుక్క కూడా నేనే ఏస్తాలేవే. ఇద్దరం ఒకటే గదా, దానికేం తెలుసుద్ది?" అంది ఎస్తేరు.

అలాంటి కవలల డీఎన్‌ఏ ఒకటే కాబట్టి పెట్టెకు నిజంగానే తెలియలేదు. రెండేళ్లపాటు ఎస్తేరు రెండేసి వేళ్లు గుచ్చుకుంది.

కడుపునొప్పితో రూతును ఆసుపత్రిలో చేర్చేసరికి క్యాన్సర్ కాలేయమంతా పాకేసింది.

"ప్రతి నెలా పచ్చ లైటే వెలిగిందే! ఎలా దొరక్కుండా పోయింది?" అన్నాడు డాక్టరు, యార్డు రికార్డు చూసి.

ఎస్తేరు నోరు తెరవబోయింది. రూతు ఆమె చెయ్యి నొక్కి, "చెప్పమాకక్కా" అంది.

రూతును సమాధి చేసిన పదో రోజున ఎస్తేరు పనికి వచ్చి తన చుక్క వేసింది. పచ్చ లైటు వెలిగింది. జాబితాలో ఇంకా కొట్టేయని పేరు చదివి, "తర్వాత రూతు" అంది పెట్టె.

ఎస్తేరు రెండో వేలు గుచ్చుకుంది.

"రూతు గారు ఆరోగ్యంగా ఉన్నారు. లోపలికి రావచ్చు."