నోరున్న కుక్క

రాత్రంతా కురిసిన వాన తెల్లారేసరికి వెలిసింది. ఉత్తరపు గాలికి మబ్బులు విడిపోయి, మంచుకొండ నెత్తిమీద ఆకాశం కడిగిన పళ్లెంలా ఉంది. కేటిల్ గుర్రం దిగి సల్వోర్ దగ్గరికి వచ్చాడు.

"ఆ కుక్కని గుడిసెలో కట్టేసి రా, పెద్దమ్మా."

సల్వోర్ జీను పట్టీ బిగిస్తూనే ఉంది. "కట్టను."

వేసవంతా కొండమీద తమ ఇష్టానికి మేసిన గొర్రెల్ని లోయ రైతులంతా కలిసి కిందికి దించే రోజది. ఆ పనికి పెద్దగా ఎవరుంటే అతన్ని మా ఐస్‌లాండ్‌లో కొండరాజు అంటారు. ఎవరు ఏ వరుసలో నడవాలో అతనే చెబుతాడు. ఈ ఏడు కొండరాజు కేటిల్.

"మిగతా కుక్కల్ని చూడు," అన్నాడతను. నలుపూ తెలుపూ కలిసిన విదేశీ కుక్కలు గుర్రాల పక్కన నేలకి కరుచుకుని పడుకున్నాయి. "ఒక్కటి నోరెత్తదు. కంటిచూపుతో మందని తిప్పుతాయి. నీదేమో గొర్రెని చూసినా మొరుగుతుంది, రాయిని చూసినా మొరుగుతుంది."

"తన తోకని చూసినా సరే," అన్నాడు పక్క పొలం ఓర్ముర్. అందరూ నవ్వారు.

సల్వోర్ కుక్క స్కొట్టా తోక వీపుమీదికి చుట్ట చుట్టుకుని ఉంటుంది. నక్క రంగు, నిక్కిన చెవులు. ఒకప్పుడు ఈ దీవిలో ప్రతి ఇంటి ముందూ ఆ జాతి కుక్కే ఉండేది. ఇప్పుడు లోయ మొత్తానికి అదొక్కటే.

"నీకన్నా నయంరా ఓర్ముర్. అది చూసి మొరుగుతుంది. నీకు ఆ మాత్రం కూడా అక్కర్లేదు." సల్వోర్ వంగి, కుక్క వెనక కాలి జంటగోళ్ల మధ్య ఇరుక్కున్న గడ్డిపరకని వేళ్లతో తడిమి లాగేసింది.

కేటిల్ కాస్త తగ్గి, నశ్యం నింపిన కొమ్ము తీసి ఆవిడ ముందుకి చాచాడు. ఆవిడ తీసుకోలేదు. వద్దనీ అనలేదు. చాచిన చెయ్యి అలాగే ఉండిపోయింది. ఎవరో కిసుక్కుమన్నారు. కేటిల్ మొహం కందిపోయింది.

"కొండరాజుగా చెబుతున్నా. కుక్క రాదు."

"నువ్వు కొండకి రాజువి, నా కుక్కకి కాదు. అది రాకపోతే నేనూ రాను. నా వరుసలో కూడా నువ్వే తిరుగు."

అసలే మనుషులు తక్కువ. కేటిల్ పళ్లు కొరికాడు. "సరే, తూర్పు చివర, రాళ్లదిబ్బల వైపు నడు. దాని మొరుగుడుకి మంద చెదిరిందా, వచ్చే ఏడు నుంచి అదీ రాదు, నువ్వూ రావు. ఇంట్లో కూచుని మేజోళ్లు అల్లుకుందువుగాని."

"చెదిరినప్పుడు మాట్లాడు," అని ఆవిడ గుర్రమెక్కింది. స్కొట్టా ముందుకురికి మొరిగింది. ఆ మొరుగుడు వెంటే గుర్రం నడిచింది.

మధ్యాహ్నం దాకా తూర్పునుంచి ఆ గోల వినబడుతూనే ఉంది. కేటిల్ తిట్టుకుంటూనే ఉన్నాడు.

అప్పుడు సముద్రం వైపునుంచి పొగమంచు ఎక్కింది. చూస్తుండగానే కొండ మాయమైంది, పక్క మనిషి మాయమయ్యాడు, ఆఖరికి ఎక్కిన గుర్రం చెవులు కూడా కనబడలేదు. మంచు దిగితే ఎక్కడివాళ్లక్కడ ఆగిపోవాలన్నది మా కొండల్లో కట్టుబాటు. "నిలబడండి!" అని కేటిల్ కేకేశాడు. ఆ కేక ఒకరినుంచి ఒకరికి అందుకుంటూ పోయింది. చూపుతో పనిచేసే కుక్కలు యజమానుల దగ్గరికి వచ్చి ముడుచుకున్నాయి. అంతదాకా పోగేసిన గొర్రెలు తెల్లదనంలోకి జారిపోతున్నాయి. ముందెక్కడో నిట్టనిలువు గండి ఉంది.

తూర్పు మొరుగుడు మాత్రం ఆగలేదు. దగ్గరైంది. దాని వెనకే గిట్టల చప్పుడు.

"పెద్దమ్మా, ఆగు! ముందు గండి!" అని అరిచాడు కేటిల్.

"గండి ఎక్కడుందో అది చెబుతూనే ఉందిగా! చెవుల్లో ఊలు కుక్కుకున్నార్రా? పట్టపగలు ఆ నిలబడ్డమేంటి? నడవండి!"

ఈసారి ఎవరూ నవ్వలేదు. స్కొట్టా దూరంగా చుట్టు తిరిగి, అందరి వరుసల్లోంచి జారిపోయిన గొర్రెల్ని ఒక్కచోటికి తోస్తోంది. గొర్రె దగ్గర పొట్టిగా మొరిగింది. గండి అంచున సాగదీసి మొరిగింది. ముందు ఓర్ముర్ గుర్రం అటు తిరిగింది. తర్వాత ఇంకొకటి. అందరికంటే చివర కొండరాజు తిరిగాడు.

మంద మొత్తం గుడిసె పక్కన దొడ్లోకి చేరింది. ఒక్క గొర్రె గండిలో పడలేదు.

ఆ రాత్రి గుడిసెలో అందరూ భోజనాలకి కూచున్నాక, "కుక్కని లోపలికి రానివ్వండి," అన్నాడు కేటిల్. స్కొట్టా వచ్చి సల్వోర్ బల్ల కింద పడుకుంది. కుండలోంచి పొగబెట్టిన గొర్రె మాంసం, బంగాళాదుంపలు కేటిల్ తనే ముందు ఆవిడకి వడ్డించి, రొట్టె పక్కన పెట్టి, ఎదురుగా కూచున్నాడు.

"ఓడిపోయాను పెద్దమ్మా. కానీ ఒక్క మాట చెప్పు. అంత పొగమంచులో ఎలా రాగలిగావు?"

"పొగమంచా?" సల్వోర్ వేళ్లు బల్లమీద రొట్టె కోసం వెతుకుతున్నాయి. "మొహానికి తడి తగిలితే తుంపరనుకున్నాను."

చెంచాలు ఆగిపోయాయి. ఆవిడ వేళ్లూ ఆగిపోయాయి. నోరు జారానని ఆవిడకి తెలిసింది. కానీ తల దించలేదు. ఎవరేమంటారో అనండి అన్నట్టు గడ్డం పైకెత్తి కూచుంది. ఆ కళ్లు కేటిల్ భుజం మీదుగా ఉత్త గోడకేసి ఉన్నాయి.

ఓర్ముర్ ఏదో అనబోయాడు. కేటిల్ తల అడ్డంగా ఊపాడు. రొట్టె ముక్కని మెల్లగా ఆవిడ వేళ్లకి తగిలేదాకా జరిపి, తన గిన్నెని దగ్గరికి లాక్కున్నాడు.