ముక్కూమొహం తెలియనివాళ్లు

నిదానంగా రాస్తున్నాను. అక్షరాలు తప్పితే మన్నించండి, ముసలితనంలో నేర్చిన చదువు.

కాన్పయిన నా కూతురికి రక్తం ఆగడం లేదు. రక్తం ఎవరిస్తారని నర్సు అడిగింది. అల్లుడు లేవబోతే వియ్యపురాలు చొక్కా పట్టుకుని కూర్చోబెట్టింది.

“మావాడసలే బక్కప్రాణి. ఇస్తే నీరసపడిపోతాడు.”

“మరి నా పిల్ల ఒంట్లోంచి పోయేది నీళ్లా, వదినా?”

“అంత ప్రేముంటే మీవాళ్లే ఇవ్వచ్చుగా!”

“ఇస్తాం, నిన్ను దేబిరించం! నర్సమ్మా, నాది తీసుకో.”

“నీకు వయసు దాటింది, పెద్దమ్మా.”

“అయితే మావాడిది తీసుకో. దున్నపోతులా ఉన్నాడు” అంటూ వెనక్కి తిరిగాను. నా కొడుకు అప్పటికే మెట్ల దగ్గరున్నాడు.

“రేపు డ్యూటీ ఉందమ్మా. కళ్లు తిరిగితే?”

వదిన ఎగతాళి చేసినా బాగుండేది. తల దించుకుంది.

ఇంతలో ఇంకో నర్సు రక్తం సంచితో పరుగున వచ్చింది.

“మీ తగువు తెమిలేదాకా ఆ పిల్ల ఆగుతుందా? బ్లడ్ బ్యాంకులో దొరికింది. జరగండి!”

“ఎవరిచ్చారమ్మా?”

“ముక్కూమొహం తెలియనివాళ్లెవరో. ఎవరికి ఎక్కిస్తామో వాళ్లకీ తెలియదు.”

ఇట్లు, మీ రక్తంతో బతికిన ఆ పిల్ల తల్లి. అరవై ఆరేళ్లు. ఇప్పుడు ఉండేది కొడుకింట్లో కాదు, కూతురింట్లో, వదినతో పోట్లాడుకుంటూ.